ముప్పై ఏళ్ళుగా ప్లగ్గు తీయని డబ్బా

మొయినాబాద్ చౌరస్తా దాటి చేవెళ్ళ వైపు కొంచెం ముందుకు పోతే, ఎరువుల దుకాణానికీ టిఫిన్ సెంటరుకీ మధ్య ఒక్క షట్టరు వెడల్పున్న షాపు ఒకటి ఉంది. బోరు మోటార్ల స్టార్టర్లు, ఇన్వర్టర్లు, కోళ్ళఫారాల్లో గుడ్లు పొదిగే పెట్టెల బోర్డులు అక్కడ బాగవుతాయి. తలుపు పక్కన చిన్న అట్టముక్క మీద "సెల్‌ఫోన్లు చూడబడవు" అని రాసి ఉంటుంది. ఆ షాపు మంజులది.

మంజులది ముడిమ్యాల. తండ్రి అంతయ్య చేవెళ్ళలో మోటార్లకు తీగ చుట్టే పని చేసేవాడు. బడి లేని రోజుల్లో కూతురు పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది, మళ్ళీ మొదటి నుంచి చుట్టాల్సి వచ్చేది. అందుకని తండ్రీ కూతుళ్ళు గంటలకు గంటలు ఒక్క మాట లేకుండా పని చేసేవారు. పదో తరగతి తర్వాత ఆమె ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. నగరంలో ఒక కంపెనీలో మూడేళ్ళు టంకం పని చేసింది. సురంగల్‌లో పూలతోట ఉన్న ఎల్లేశ్‌ను చేసుకున్నాక మొయినాబాద్‌లో షట్టరు కిరాయికి తీసుకుంది. మొదట్లో రైతులు స్టార్టరు డబ్బా చంకన పెట్టుకుని వచ్చి, "మగోళ్ళు లేరా బిడ్డా షాపుల?" అని అడిగేవారు. ఇప్పుడు అడగరు. ఆమె చేతిలో పెట్టి, "జర జల్ది చెయ్యి, మడి ఎండుతున్నది" అంటారు.

ఫోన్లు చూడబడవనే అట్ట ఎనిమిదేళ్ళ కిందటిది. సురంగల్‌లోనే ఉండే బాలనర్సమ్మ అనే ఆమె నీళ్ళలో పడిన ఫోన్ తెచ్చింది. చనిపోయిన భర్త గొంతు అందులో రికార్డయి ఉంది. ఎద్దుల మీద కోపమొచ్చి తిడుతున్న గొంతు, మనవరాలిని పిలుస్తున్న గొంతు. వేడి గాలి పెట్టి చిప్పు పైకి లేపబోయిన మంజుల చేతిలోనే అది కాలిపోయింది. బాలనర్సమ్మ ఒక్క మాట అనలేదు. "పోనీ బిడ్డా, నువ్వు కావాలని చేసినవా" అని ఫోన్ కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే మంజుల ఎప్పుడో మరిచిపోయేదేమో. ఆ రోజు నుంచి, మనుషులు దాచుకున్నవి లోపల ఉండే వస్తువు ఏదొచ్చినా ఆమె ముట్టుకోవడం మానేసింది. మోటారు కాలితే ఇంకో మోటారు దొరుకుతుంది.

ఈ ఏడాది జూన్‌లో ఒక సోమవారం గండిపేటలోని ఒక విల్లాల కాలనీ నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. చేసినవాడు అక్కడి వాచ్‌మన్ అంజిలయ్య. ఆ కాలనీ గేటు మోటారు బోర్డు అంతకుముందు రెండుసార్లు ఆమే బాగుచేసింది.

"అక్కా, ముప్పై రెండో నంబర్ ఇంట్ల పెద్దసారు మస్తు పరేషాన్ల ఉన్నడు. పాత కంప్యూటరంట. సిటీల అందరిని అడిగిండంట. అందరు షాపుకు తెమ్మంటున్నరంట. అదేమో ఇల్లు దాటొద్దంట."

"కంప్యూటర్లు నేను చూడనన్న."

"చూడకుంటే చూడకపోతివి, ఒక్కపారి వచ్చి మాట్లాడి పో అక్కా. గేటు కాడికొచ్చి నిలబడ్డడు పెద్దమనిషి."

ఆ పెద్దమనిషి పేరు సాంబశివరావు. డెబ్బై రెండేళ్ళు. ఒకప్పుడు పాలకొల్లులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, తొంభై ఆరులో హైదరాబాదు వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదిరి, అక్కడే రిటైరయ్యాడు. మంజుల వెళ్ళేసరికి వాకిట్లోనే ఎదురొచ్చాడు. చేతులు రెండూ సన్నగా వణుకుతున్నాయి. అది భయంతో కాదని, నాలుగేళ్ళుగా ఉన్న జబ్బని తర్వాత తెలిసింది.

పైగదిలో కిటికీ పక్కన బల్ల మీద ఒక లావుపాటి కీబోర్డు ఉంది. అదే కంప్యూటరు. అప్పట్లో ఇళ్ళలో వాడుకోవడానికి వచ్చిన రకం, వేరే పెట్టె ఉండదు, అన్నీ ఆ కీబోర్డు లోపలే. తొంభై రెండులో విశాఖపట్నంలో ఒక ఓడ ఉద్యోగి దగ్గర కొన్నాడట. దాని వెనకాల పుస్తకమంత నల్లటి డబ్బా తగిలించి ఉంది. డబ్బా మీద చిన్న ఎర్ర దీపం. డబ్బా నుంచి ఒక తీగ గోడ ప్లగ్గుకూ, ఇంకొకటి పక్కనే ఉన్న బ్యాటరీకీ వెళ్ళాయి. బ్యాటరీ ఉబ్బి, నాలుగు మూలలా తెల్లగా పొడి రాలుతోంది.

"ఈ నల్లడబ్బా అదనపు మెమరీ అమ్మా," అన్నాడు సాంబశివరావు. "కంప్యూటరు ఆపేసినా దీనిలో ఉన్నది అలాగే ఉంటుంది. కాకపోతే దీనికి కరెంటు అందుతూనే ఉండాలి. గోడ నుంచి రాకపోతే బ్యాటరీ నుంచి రావాలి. రెండూ లేకపోతే ఒక్క క్షణంలో అంతా చెరిగిపోతుంది. తొంభై నాలుగు నుంచి, ఇల్లు మారినప్పుడు తప్ప, దీని ప్లగ్గు తీయలేదు. హైదరాబాదు వచ్చేటప్పుడు మా ఆవిడ దీన్నీ బ్యాటరీనీ ఒళ్ళో పెట్టుకుని రైలెక్కింది. అప్పుడు బ్యాటరీ కొత్తది, రోజంతా ఆగింది."

"దీంట్ల ఏమున్నది సార్?"

సమాధానం ఆయన చెప్పలేదు. అప్పుడే గదిలోకి వచ్చిన ఆయన భార్య లక్ష్మీకుమారి చెప్పింది. ఆమె పుట్టిల్లు నర్సాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ ఇంటింటా ఆడవాళ్ళు దారంతో లేసు అల్లుతారు. వాళ్ళమ్మకూ పిన్నమ్మలకూ వచ్చిన డిజైన్లు ఎవరూ కాగితం మీద పెట్టినవి కావు, చేతికి తెలిసినవి. తల్లికి చూపు తగ్గుతున్న రోజుల్లో లక్ష్మీకుమారి ఆమె పక్కన కూర్చుని, ఒక్కో గడీ అడిగి, ఈ కంప్యూటరు తెర మీద చుక్కలుగా పెట్టింది. అల్లిక నిండిన గడికి చుక్క, ఖాళీ గడికి ఖాళీ. రెండేళ్ళు పట్టింది. నూట అరవై మూడు డిజైన్లు. అనాసపండు, పీతగోళ్ళు, తాటాకు విసనకర్ర, ఇంకా పేరు లేనివి ఎన్నో.

"అచ్చు వేసిన కాగితాలు అద్దింట్లో చెదలు తినేశాయమ్మా. ఫ్లాపీలు బూజు పట్టాయి. ఆ ఫ్లాపీ డ్రైవు కూడా పాడై ఇరవై ఏళ్ళు. ఇక మిగిలింది ఇందులో ఉన్నవే," అంది ఆమె. "మా పిన్ని కూతుళ్ళు అక్కడ పాతిక మంది ఆడవాళ్ళతో మళ్ళీ లేసు పని మొదలుపెట్టారు. పాత డిజైన్లు పంపించక్కా అని ఏడాదిగా అడుగుతున్నారు. ఏం చెప్పను?"

ఏడాది కిందట కంప్యూటరు అడాప్టరు కాలిన వాసన వేస్తే తీసి పక్కన పెట్టారు. అప్పటి నుంచి తెర వెలగలేదు. మొన్న వానకు కరెంటు పోతే ఎర్ర దీపం బాగా మసకబారింది. ఇప్పుడు గురువారం మధ్యాహ్నం పన్నెండుకు కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తారని నోటీసు వచ్చింది. జనరేటరు ఉంది, కానీ అది అందుకోవడానికి పది సెకన్లు పడుతుంది. ఈ బ్యాటరీ అంతసేపు ఆగదు.

"యూపీఎస్ పెట్టుకోవచ్చు గద సార్?"

"పెట్టాలంటే గోడ నుంచి ప్లగ్గు తీసి దాంట్లో గుచ్చాలి కదమ్మా. ఆ తీసిన క్షణం?"

మంజుల మీటరు తీసి బ్యాటరీ కొసలను చూసింది. ఆరు ఓల్టులు ఉండాల్సిన చోట నాలుగు కూడా లేవు. ఏం చేయాలో ఆమెకు వెంటనే తెలిసింది. పొదిగే పెట్టెల్లో గుడ్లు చల్లారకుండా బ్యాటరీలు మార్చడం ఆమెకు రోజూ ఉండే పనే. పాతది తీయకముందే కొత్తది కలపాలి, అంతే. కానీ మీటరు తిరిగి సంచిలో పెట్టేసుకుంది.

"సార్, ఒక మాట చెప్త. గింతకుముందు ఒకామె ఫోన్ల ఆమె పెనిమిటి గొంతు ఉండె. నా చేతులనే పోయింది. గందుకే నేను గిసొంటివి ముట్ట. మీకు వేరే ఎవరన్న మంచోళ్ళు దొరుకుతరేమో చూడుండ్రి."

సాంబశివరావు కుర్చీలో కూర్చున్నాడు. లక్ష్మీకుమారి మాత్రం, "గురువారం ఎలాగూ పోతుందమ్మా," అంది మెల్లగా. "మీరు ముట్టుకుంటే ఉండొచ్చు, పోవచ్చు. ముట్టుకోకపోతే పోవడమే. మీ చేతిలో పోతే మిమ్మల్ని నేనేమీ అనను. కానీ ఎవరూ చేయి పెట్టకుండా పోతే నాకు నిద్ర పట్టదు."

 మంజుల పాడైన అడాప్టరును సంచిలో వేసుకుంది. "బేస్తవారం పొద్దుగాల్ల పదింటికల్ల వస్త," అంది.

ఆ మూడు రోజులూ ఆమెకు వేరే పని మీద మనసు నిలవలేదు. అడాప్టరు విప్పి కొలిచింది. ఐదు ఓల్టులు ఇవ్వాల్సింది ఏడు ఇస్తోంది. ఎవరైనా అలాగే తగిలించి ఉంటే కంప్యూటరులోని చిప్పులు కాలిపోయేవి. లోపలి భాగం మార్చి, రాత్రంతా దానితో చిన్న బల్బు వెలిగించి ఉంచి, పొద్దున మళ్ళీ కొలిచింది. ఐదు దగ్గరే నిలిచింది. అన్నం తినకుండా ఆలోచిస్తూ కూర్చుంటే ఎల్లేశ్ అడిగాడు. "ఏందట్ల ఫికర్ పెట్టుకున్నవు? పానం మంచిగ లేదా?"

"పానం మంచిగనే ఉన్నది. చెయ్యే ఎట్లుంటదో చూడాలె."

గురువారం ఆమె కొత్త ఆరు ఓల్టుల బ్యాటరీ, డయోడ్ ఒకటి, సన్న తీగలు తీసుకుని వెళ్ళింది. డయోడ్ అంటే కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే చిన్న ముక్క. గోడ నుంచి వచ్చే కరెంటు కొత్త బ్యాటరీ మీదికి ఎదురు రాకుండా అది కాపలా. నల్లడబ్బా మూత నాలుగు మరలు విప్పి పక్కన పెట్టింది. లోపల బ్యాటరీ తీగలు అతికిన రెండు పిన్నులు కనిపించాయి. టంకం ఐరన్ వేడెక్కాక దాని ప్లగ్గు పీకేసి, ఆ వేడి మీదనే మొదటి పిన్నుకు తీగ అతికించింది. ఐరన్ ప్లగ్గులో ఉండగా ముడితే, దాని నుంచి పొరపాటున వచ్చే కరెంటుకు కూడా మెమరీ చెడిపోవచ్చు.

ఒకటి అయింది. రెండో తీగను పట్టుకారుతో అందుకుంది. గోడ గడియారంలో పదకొండూ నలభై.

ఫ్యాను చప్పుడు తగ్గింది.

"ఏవండీ, పన్నెండన్నారు కదా!" అని లక్ష్మీకుమారి అరిచింది. మంజులకు ఆ మాట సగమే వినపడింది. ఎర్ర దీపం మసకబారుతోంది. ఆమె ఆలోచించలేదు. చేతిలోని తీగ కొసను పట్టుకారుతోనే రెండో పిన్ను మీద గట్టిగా అదిమింది.

దీపం ఒకసారి వణికింది, తర్వాత నిండుగా వెలిగింది.

పది పన్నెండు సెకన్లకు జనరేటరు అందుకుని ఫ్యాను మళ్ళీ తిరిగింది. మంజుల కదలలేదు. ఒక చేత్తో బోర్డును, ఇంకో చేత్తో పట్టుకారును పట్టుకుని అలాగే వంగి ఉంది. జనరేటరు ఎంతసేపు నడుస్తుందో తెలియదు, మళ్ళీ ఆగితే ఈ తీగే దిక్కు. చేయి జారితే తీగ పక్క పిన్నుకు తగులుతుంది. టంకం వేద్దామంటే మూడో చేయి లేదు.

"సార్, ఐరన్ ప్లగ్గుల పెట్టుండ్రి."

సాంబశివరావు పెట్టాడు. ఐరన్ వేడెక్కింది. దాన్ని అందుకోబోయిన ఆయన చేయి ఆమె కళ్ళ ముందే గాలిలో ఊగింది. ఆయన వెనక్కు తగ్గి, "నా వల్ల కాదమ్మా," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ముఖంలో తెలిసింది.

"నాకివ్వండి," అంది లక్ష్మీకుమారి.

"అమ్మా, ఎప్పుడన్న పట్టిన్రా?"

"లేదు. లేసు సూది పట్టాను, యాభై ఏళ్ళు. ఎక్కడ పెట్టాలో చెప్పు."

మంజుల ఆమె వేళ్ళ వైపు చూసింది. సన్నగా, ముడతలు పడి, అణువంత కదలిక లేకుండా ఉన్నాయి.

"మొదలు ఐరన్ ప్లగ్గు పీకుండ్రి సార్. ఆఁ. అమ్మా, ఐరన్ మొన నా పట్టుకారు పక్కనుంచి తీసుకరాండ్రి. జర కిందికి. గంతే. ఇప్పుడు టంకం తీగ రెండో చేత్తోని ముట్టియ్యుండ్రి. నొక్కకుండ్రి, ఊకె ముట్టిస్తె చాలు. కరిగిందా? తియ్యుండ్రి, ఐరన్ తియ్యుండ్రి!"

బియ్యపు గింజంత టంకం పిన్ను చుట్టూ మెరిసి, చల్లబడి గట్టిపడింది. మంజుల ఐదు లెక్కపెట్టి పట్టుకారు వదిలింది. తీగ నిలిచింది. వెంటనే పాత బ్యాటరీ తీగలు రెండూ, ఒకదాని తర్వాత ఒకటి, కత్తిరించేసింది. మీటరు పెట్టి చూసింది. ఆ తర్వాత తనే లేచి వెళ్ళి, గోడ మీది నల్లడబ్బా స్విచ్చి ఆపింది.

సాంబశివరావు అప్రయత్నంగా కళ్ళు మూసుకున్నాడు. ఆ స్విచ్చి ఆపిన చప్పుడు ఆ గదిలో అదే మొదటిసారి.

"కండ్లు తెరువుండ్రి సార్. దీపం ఉన్నది."

ఇంకా ఒకటి మిగిలింది. లోపల డిజైన్లు ఉన్నాయో, చెరిగిపోయాయో దీపం చెప్పదు. బాగుచేసిన అడాప్టరు తగిలించి, మూలనున్న చిన్న పాత టీవీకి తీగ కలిపి, కంప్యూటరు స్విచ్చి వేశారు. టీవీ నిండా చీమలు పాకినట్టు చుక్కలు. ఆపి మళ్ళీ వేశారు. చీమలే. మంజుల నేల మీద కూర్చుంది. నిమిషం తర్వాత సాంబశివరావు నుదురు కొట్టుకున్నాడు.

"ఛానల్! టీవీ ఛానల్ మార్చలేదు."

టీవీ బొత్తాలు తిప్పుతుంటే ఆయన చేతి వణుకే మేలు చేసినట్టుంది. కిందా మీదా ఊగి ఊగి ఒక చోట నీలం తెర వచ్చి నిలబడింది. లేత నీలి అక్షరాలు, కింద కొట్టుకుంటున్న చిన్న గడి. ఆయన ఒక్కో మీటా వెతుక్కుని ఒక వరస టైపు చేశాడు. తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టాడు.

"ఫ్లాపీ నుంచైతే రెండు నిమిషాలు కూర్చోవాల్సి వచ్చేది. ఇది చూడు," అని చివరి మీట నొక్కాడు.

రెప్ప వేసి తెరిచేలోపు తెల్లటి తెర వచ్చింది. వరసగా చిన్న చిన్న కాగితాల బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక పేరు. కింద ఒక మూల సంఖ్య: నూట అరవై మూడు.

లక్ష్మీకుమారి కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక బొమ్మ తెరిచింది. నల్ల చుక్కలతో అనాసపండు ఒకటి తెర నిండా పరుచుకుంది. ఆమె ఏడవలేదు. వేలితో తెర మీద గడులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పెదాలు కదులుతూ. మంజుల ఆమెను పలకరించలేదు. అలా లెక్కపెట్టేవాళ్ళను పలకరించకూడదని ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు.

వాళ్ళ కొడుకు సాయి చరణ్ తెప్పించి పెట్టిన చిన్న పరికరం ఒకటి అలమారలో ఉంది; అది వచ్చేసరికే అడాప్టరు పాడైంది. ఫ్లాపీ డ్రైవు ఉండాల్సిన చోట అది తగిలిస్తే, కంప్యూటరు దాన్నే ఫ్లాపీ అనుకుని అందులోని మెమరీ కార్డు మీద రాస్తుంది. ఒక్కొక్క డిజైనే దానిలోకి చేరుతుంటే భోజనాల వేళ అయింది, దాటింది. లక్ష్మీకుమారి మధ్యలో లేచి వంటింట్లో ఉన్న పప్పు, దోసకాయ పచ్చడి పైకే తెచ్చింది. ముగ్గురూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తూనే తిన్నారు.

అన్నీ బాగా రాలేదు. పదకొండు డిజైన్లలో అడ్డంగా పిచ్చి గీతలు పడ్డాయి. మొన్నటి వానలో దీపం మసకబారినప్పుడే చెడి ఉంటాయన్నాడు సాంబశివరావు. మంజుల ముఖం చిన్నబోయింది. "అమ్మా, గివి..."

"ఇటు చూడు," అంది లక్ష్మీకుమారి. ఒక చెడిన డిజైను తెరిచి, గీతల పైన ఉన్న వరసనూ కింద ఉన్న వరసనూ చూపించింది. "దీని మీద ఇది ఉంటే మధ్యలో ఇంకొకటి రావడానికి వీల్లేదు. రెండు నిండు, మూడు ఖాళీ, రెండు నిండు. ఇవి నేను నింపుకుంటాను. రెండు మాత్రం నాకు గుర్తు లేవు. అవి పోతే పోనీ. నూట అరవై ఒకటి చాలు, మా అమ్మకు కూడా ఇన్ని ఒక్కసారి గుర్తొచ్చేవి కావు."

సాయంత్రం నాలుగుకు కార్డు తీసి సాయి చరణ్ లాప్‌టాపులో పెట్టి చూశారు. అందులోనూ తెరుచుకున్నాయి. అప్పటికి కాలనీ కొత్త ట్రాన్స్‌ఫార్మరు కూడా మొదలైంది. సాంబశివరావు కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపటి తర్వాత గట్టిగా నవ్వాడు.

"ఏవండీ, ఎందుకలా?"

"ఏం లేదు. ఇన్నేళ్ళుగా వాన పడితే ముందు ఈ గదిలోకి వచ్చేవాణ్ణి. ఇవాళ వాన వచ్చినా రాకపోయినా నాకేమిటి అనిపించింది."

మంజుల సామాను సర్దుకుంది. వాకిలి దాకా వచ్చిన లక్ష్మీకుమారి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ చేయి మంచిదమ్మా," అంది.

"మీ చెయ్యే మంచిదమ్మా. మీరు లేకుంటే నేను గట్లనే పట్టుకొని రేపటి దాంక నిలబడుతుంటి."

గేటు దగ్గర అంజిలయ్య అడిగాడు, "అయ్యిందా అక్కా?" అని. "అయ్యిందన్న," అంది. తల ఊపి రోడ్డెక్కింది.

మొయినాబాద్‌లో బస్సు దిగేసరికి మూసిన షట్టరు ముందు ఒక రైతు స్టార్టరు డబ్బాతో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి గబగబా లేచాడు. "పొద్దుటి సంది నీ కోసమే చూస్తున్న బిడ్డా. జర చూడరాదు."

డబ్బా అందుకుని అలవాటుగా మూత తెరవబోయింది. మళ్ళీ ఏమనుకుందో, మూసి షట్టరు లోపల పెట్టింది.

"రేపు పొద్దుగాల్ల మొదలు నీదే చేస్త బాపు. ఇయ్యాల్టికి నాకు చాలయ్యింది."

పక్కన టిఫిన్ సెంటరులో రెండు చాయలు చెప్పింది, తనకొకటి, ఆయనకొకటి. బల్ల మీద కూర్చుని తన కుడి చేతిని ఒకసారి ముందుకు చాపి చూసుకుంది. పొద్దుటి నుంచి బిగుసుకుపోయిన వేళ్ళు ఇప్పుడు తీరిగ్గా, కొంచెం వణుకుతున్నాయి. వణకనీ అని చాయ గ్లాసు అందుకుంది.